కార్వాన్ డాబాపై పచ్చి బఠాణీ దిగ్విజయము

స్వస్తి. పురానాపూల్‌కు కూతవేటు దూరమున, ఆటోల హారన్లే మంగళవాద్యములుగా మ్రోగు కార్వాన్ వీధిలో, కార్తీక శుద్ధ పంచమి నాటి ఉదయమున, నలువదేండ్లు బస్తాలకొద్దీ ఎండు బఠాణీ తూచి అమ్మినవాడును, అరువదేండ్లు వచ్చువరకు బఠాణీ మొక్క మొహము చూచి యెరుగనివాడును నగు టోకువర్తకశిఖామణి గుండయ్య, తన డాబాపై పన్నెండు కుండీల నడుమ నిలిచి, తన రెండవ దండయాత్రకు విత్తులు నాటెను.

మొదటి దండయాత్ర ఊసు ఆ ఇంట నిషిద్ధము. అయినను మనకేమి, చెప్పుకొందము. మే నెలలో ఊటీ విహారమునకేగిన ఆ మహాభాగుడు, కొండవాలున విరగకాసిన బఠాణీని గాంచి, విత్తులు కొని తెచ్చి, రైలు దిగిన మరునాడే నాటగా, మొలకలు వారము తిరుగకమునుపే మాడి మసియయ్యెను. అప్పుడు ధర్మపత్ని సావిత్రి అన్న మాట వీధివీధంతయు విన్నది.

"గది కొండ. ఇది కార్వాన్. గక్కడి ఎండకాలం మన చలికాలమంత సల్లగుంటది."

అందుకే ఈసారి చలికాలము. మొలకలు లేచెను. వెంటనే కపోతసేన దిగెను. ఇచ్చటనే ధర్మసంకటము. ఆ పావురములకు ప్రతి ఉదయము శేరు జొన్నలు చల్లుట గుండయ్య తాతనాటి వ్రతము. మేపిన చేతితోనే అదిలించుట వంశమునకు మచ్చ. అవియో, జొన్నలు మెక్కి, మర్యాదకైనను ఎగిరిపోక, లేత బఠాణీ చిగుళ్లతో నోరు తీపి చేసికొనసాగెను.

అంతట ఆ ధీరుడు వంటింటిపై దాడి వెడలి, మూడు జల్లెడలను చెరపట్టి తెచ్చి, మిగిలిన మూడు మొలకలపై కవచములుగా బోర్లించెను. పిండి జల్లింప జల్లెడ కానక మేడయెక్కి వచ్చిన సావిత్రి, కోపము దిగమ్రింగి సంధి షరతు విధించెను.

"శివరాత్రి దాకా గడువిస్తున్న. గా లోపట నా నోట్లె ఒక్క గింజన్న పడాలె. పడలేదనుకో, కుండీలన్ని దింపిచ్చి నేనీడ వడియాలు పెట్టుకుంట."

గుండయ్య సై యనెను. శివరాత్రి నాడు ఇంటిల్లిపాదికి ఉపవాసమను సంగతి ఆ వీరునికి తట్టలేదు.

తీగలు పాకెను. మాఘమున ఎండ ముదిరి పూలు రాలెను. మూడు తీగలకును గలిపి ఒక్క కాయ నిలిచెను. అదియు బలిసి కోతకు వచ్చినది సరిగ్గా శివరాత్రి ఉదయముననే. గుండయ్య దానిని ఇత్తడి పళ్లెమున నిడి, ఇది పప్పు కాదనియు, తీగకు కాసినది గావున ఫలమేననియు, ఫలము ఉపవాసమునకు చెల్లుననియు గుక్క తిప్పుకొనక ఉపన్యసించెను. సావిత్రి పూజసామాను తోముచునే విని, ఒక్కపొద్దు నాడు బఠాణీ ముట్టనని తేల్చి చెప్పెను. పాపము, ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. కాయ ఫ్రిజ్జులోను, గుండయ్య గుమ్మములోను ఆ పగలెల్ల పడియుండిరి.

మరునాటి ఉదయము, ఉపవాసము విడుచు వేళ, సావిత్రి ఎవరును అడుగకుండనే కాయ తీసి వలిచెను. ఐదు గింజలు. ఒకదానిలో పురుగు. తక్కిన నాల్గింటిని భర్త చూచుచుండగా ఒక్కొక్కటిగా నమిలెను.

"తియ్యగనే ఉన్నయ్. గడువైతె నిన్ననే అయిపోయింది. పోనీ, కుండీలుండనియ్."

కార్వాన్ వాసులారా, వినుడు. గుండయ్య గెలిచెను. నాలుగు గింజలతో గెలిచెను. ఆ గింజల రుచి యెట్టిదో ఆయనకు నేటికిని తెలియదు.