సూక్ష్మజీవులు కావలెను

కరెంటు అక్కర్లేకుండా, అతి చవగ్గా నీళ్ళలోని సూక్ష్మజీవులను మట్టుబెట్టే నానో వడపోత యంత్రాన్ని ప్రజలకు అంకితం చేస్తున్నట్టు మంచినీటి శాఖ మంత్రిగారు ప్రకటించారు. వెండి నానో రేణువులు పూసిన మట్టి గిన్నె అది. పైన నీళ్ళు పోస్తే కింద శుభ్రంగా కారతాయి.

"నానో అంటే కంటికి కనబడదు. కనబడకుండానే పనిచేస్తుంది. అచ్చం మన ప్రభుత్వంలాగే!" అన్నారు మంత్రిగారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది శాంపిలమ్మ. నీటి పరీక్షల ల్యాబ్‌లో పదిహేనేళ్ళుగా సీసాలతో కుస్తీ పడుతున్న ఆమెకు ఆఫీసులో అదే పేరు. ఆమె కూతురు ఈ ఏడాది మూడుసార్లు విరేచనాలతో ఆస్పత్రి పాలైంది. తమ వీధి కుళాయికి ఒక్క యంత్రం పెడితే ఆమెకింకేమీ అక్కర్లేదు. మొహమాటపడకుండా డైరెక్టరుగారిని అడిగేసింది.

"మంత్రిగారి ఎదుట జరిగే ప్రదర్శన సక్సెస్ కానీయమ్మా. మొదటిది మీ వీధికే, నాదీ హామీ."

ముందు రిహార్సల్ జరిగింది. పైన పోసిన నీళ్ళనూ, కింద కారిన నీళ్ళనూ పరీక్షించి మర్నాడు రిపోర్టు పట్టుకెళ్ళింది శాంపిలమ్మ.

"ఎన్ని చచ్చాయి?" అన్నారు డైరెక్టరుగారు.

"ఒక్కటీ చావలేదు సార్."

"కొంప మునిగింది! యంత్రం పనిచెయ్యలేదా?"

"చావడానికి ఒక్కటైనా ఉండాలి కద సార్. మంత్రిగారు రుచి చూస్తారని మీరు పోయించింది సీసాల్లో కొన్న మినరల్ వాటరు."

అత్యవసర మీటింగు పెట్టారు. సూక్ష్మజీవుల సరఫరాకు టెండరు పిలుద్దామన్నారొకరు. విదేశాల నుంచి తెప్పిస్తే నాణ్యత బావుంటుందన్నారింకొకరు. ఊళ్ళోనే పట్టుకొద్దామంటే, రికార్డుల ప్రకారం ఊళ్ళో మురికినీళ్ళు ఎక్కడా లేవు. మూడు గంటలు తలలు పట్టుకు కూర్చున్నారు.

శాంపిలమ్మ ఉండబట్టలేక చెయ్యెత్తింది. "మా వీధి కుళాయి నీళ్ళు తెమ్మంటారా సార్?"

"అఫీషియల్‌గా అక్కడివి మంచినీళ్ళే కదమ్మా?"

"అనఫీషియల్‌గా పట్టుకొస్తాను సార్."

బిందెడు నీళ్ళు తెచ్చింది. ప్రదర్శన అదిరిపోయింది. పైన లక్షల్లో ఉన్న సూక్ష్మజీవుల్లో కింద ఒక్కటి మిగిలితే ఒట్టు! మంత్రిగారు పొంగిపోయి, ఇంత నమ్మకమైన సూక్ష్మజీవులు ఎక్కడ దొరికాయని అడిగారు. డైరెక్టరుగారు శాంపిలమ్మను ముందుకు తోశారు.

"మా వీధికి యంత్రం సార్..."

"మీ వీధిని మర్చిపోతామా తల్లీ!" అన్నారు మంత్రిగారు.

ఆమె ఆ సాయంత్రమే వీధంతా చాటేసింది.

అన్నట్టే మర్చిపోలేదు. వారం తిరక్కుండా జీపు వచ్చింది. కూతుర్ని చంకనేసుకుని పరుగెత్తింది శాంపిలమ్మ. యంత్రం లేదు. కుళాయి చుట్టూ కంచె వేస్తున్నారు. పక్కనే బోర్డు: 'ప్రామాణిక సూక్ష్మజీవుల కేంద్రం. ఈ నీటిని శుభ్రపరచుట నేరం.'

"ఇంకా నలభై ఊళ్ళలో ప్రదర్శనలున్నాయక్కా. అన్నిటికీ ఇవే నీళ్ళట. క్వాలిటీ చెడకుండా చూడమని నన్ను కాపలా పెట్టారు," అన్నాడు కొత్త యూనిఫాం వాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "మరి మా పిల్లలేం తాగాలయ్యా?"

"అయ్యో, మీకు ఆపరక్కా! పొద్దునా సాయంత్రం మామూలుగానే వదుల్తారు."

ఎండ పెళ్ళున కాస్తోంది. అతను నుదురు తుడుచుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఈ దగ్గర్లో ఎక్కడైనా మంచినీళ్ళు దొరుకుతాయా? ఈ కుళాయివి మాత్రం తాగొద్దని మా డిపార్ట్‌మెంటు గట్టిగా చెప్పింది."