అత్తగారి గ్లాసుకు అనుమతి

బీరూ పాలూ ఒకే గ్లాసులో కలుసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం చెవిన వేయాలన్న జ్ఞానం మానవజాతికి చాలా ఆలస్యంగా కలిగింది. అంతకుముందు తరతరాలుగా జనం ఉప్పటి చీజ్ ముక్క నోట్లో వేసుకుని, దాని మీద చల్లటి బీరు ఒక గుక్క తాగి, ఎవరి అనుమతీ లేకుండా సుఖపడుతూ వచ్చారు. (వాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరన్న సంగతిని అధికారులు సందర్భం వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తుంటారు.) ఈ అరాచకానికి మంగళం పాడటానికే జతల నియంత్రణ శాఖ పుట్టింది.

శాఖ పుట్టిన సంగతి ఐస్‌క్రీమ్ కొట్టు కోడలికి ఒక పొద్దున షట్టర్ ఎత్తబోతుంటే తెలిసింది. షట్టర్‌కి ఒక నోటీసు అంటించి ఉంది. పాల పదార్థాన్నీ బీరునీ జతచేసి అమ్ముతున్నవారు నెలాఖరులోగా జత ధ్రువపత్రం తీసుకోవాలనీ, లేకపోతే కొట్టుకి సీలు వేస్తామనీ, ఈ నోటీసు చింపితే అది వేరే నేరమనీ అందులో ఉంది. నోటీసు షట్టర్‌కీ గోడకీ కలిపి అంటించారు కాబట్టి దాన్ని చింపకుండా కొట్టు తెరవడానికి వీల్లేదు. ఆ రోజంతా కోడలు వెనక తలుపులోంచి వ్యాపారం చేసింది.

కొట్టు అత్తగారిది. నాలుగు టేబుళ్ళు, ఒక పొడుగాటి కౌంటరు, ముసలి ఎద్దులా మూలిగే ఒక ఫ్రీజరు, వీధిలోకి ఒక కిటికీ. కోడలి భర్త తెల్లవారుజామున పాల వ్యాను నడుపుతాడు, ఇంటి విషయాల్లో ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళతో ఏకీభవిస్తాడు. కొట్టులో మెత్తటి చీజ్‌తో పల్చటి బీరూ, వెన్న రాసి కాల్చిన రొట్టెతో చేదు బీరూ దొరుకుతాయి గానీ, జనం వచ్చేది మాత్రం ఒక్కదాని కోసమే. పొడుగు గ్లాసులో నల్ల బీరు, దాని మీద ఒక వెనిలా ఐస్‌క్రీమ్ ముద్ద. బోర్డు మీద దానికేదో గొప్ప పేరుంది. ఆ పేరుతో ఎవరూ అడగరు. 'అత్తగారి గ్లాసు ఒకటి' అంటారు.

పెళ్లయిన కొత్తలో అత్తగారు బీరు వాసనకే మొహం తిప్పుకునేవారట. మామగారు బతిమాలి బతిమాలి ఒప్పిస్తే, చేదు తెలియకుండా ఉంటుందని అందులో ఐస్‌క్రీమ్ వేసుకున్నారు. చేదు తెలిసింది. అది నచ్చింది కూడా. అప్పటినుంచి ఆవిడ పద్ధతి మారలేదు: గ్లాసు ముందే చల్లబరచాలి, బీరు గోడవారగా పోయాలి, ముద్దని చెంచా వీపు మీదుగా జార్చాలి. ముద్ద వేశాక బీరు పోసినవాళ్ళు కౌంటరు తుడుచుకుంటూ కూర్చోవాలి. మొదటి గుక్కలో మాడిన గింజల చేదు, మధ్యలో చేదూ తీపీ దెబ్బలాడుకోవడం, చివర ఐస్‌క్రీమ్ అంతా కరిగి గోధుమరంగు మీగడలా మిగిలే ఆ నాలుగు గుక్కలు. అసలు రుచి ఆ చివర్లోనే ఉందని ఆవిడ వాదన.

మామగారు పోయాక కూడా రోజూ నాలుగింటికి కిటికీ దగ్గర కూర్చుని అత్తగారు తన గ్లాసు తాగుతారు. చివరి నాలుగు గుక్కలు మాత్రం తాగరు. గ్లాసు కౌంటరు మీదికి తోసి, "కడిగెయ్" అంటారు. కోడలు ఆ నాలుగు గుక్కలూ తాగి, తర్వాత కడుగుతుంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. అత్తగారు తనని ఒక్క మంచి మాట అనలేదని కోడలు ఎవరితోనూ ఎందుకు చెప్పుకోలేదంటే, ఇందుకే.

కాబట్టి కోడలు గ్లాసు పట్టుకుని శాఖకి వెళ్ళింది. నమూనా తేవాలన్నది నియమం. నమూనా వడ్డించిన స్థితిలోనే ఉండాలన్నది దాని కింది నియమం.

శాఖలో కింది అంతస్తు పాలది, పై అంతస్తు బీరుది, జతలు మధ్య అంతస్తు. ముందు కింద చూపించాలి, తర్వాత పైన చూపించాలి, ఆ తర్వాత మధ్యలోకి దిగాలి. కింది అంతస్తు గుమాస్తా గ్లాసులోకి చూసి, తన పరిధిలో లేని ద్రవమేదో కనిపిస్తోందనీ, దాన్ని తీసేసి మిగతాది చూపించమనీ అన్నాడు. పై అంతస్తు గుమాస్తా మీద తేలుతున్న తెల్లటి వస్తువు తనకి సంబంధించింది కాదు కాబట్టి దానివైపు చూడలేనని చెప్పి, పాపం నిజాయితీపరుడు, కళ్ళు సగం మూసుకుని సంతకం పెట్టాడు. మధ్య అంతస్తులో వరుస ఉంది. వరుసలో అందరి చేతుల్లోనూ గ్లాసులూ ప్లేట్లూ ఉన్నాయి. ముందున్నాయన చేతిలో చీజ్ ముక్కకి చెమటలు పడుతున్నాయి. ఆయనకీ పడుతున్నాయి.

కోడలి వంతు వచ్చేసరికి నురుగు దిగిపోయింది, ముద్ద కరిగిపోయింది. జతల అధికారి గ్లాసుని ఎటు తిప్పి చూసినా ఆయనకి ఐస్‌క్రీమ్ కనిపించలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. సన్నటి మీసం, ఇస్త్రీ చొక్కా, జేబులో సొంత చెంచా ఉన్న మనిషి. ఆ చెంచాని మాత్రం ఇంతవరకు వాడలేదు, ఎందుకంటే నమూనా చూపుకి సరిపోయాకే రుచి చూడాలని నియమం. శాఖ పుట్టాక ఏ నమూనా కూడా చూపుకి సరిపోలేదు.

"దరఖాస్తులో ఐస్‌క్రీమ్ అని రాశారు. గ్లాసులో లేదు. నేనేం చూసి సంతకం పెట్టనమ్మా?" అన్నాడు.

ఇంతసేపు నిలబెడితే కరగదా అని కోడలు మర్యాదగానే అడిగింది. కరుగుతుందని ఆయనా మర్యాదగానే ఒప్పుకున్నాడు. వరుస శాఖది, కరగడం దరఖాస్తుదారుది, ఒకరి బాధ్యతలో ఇంకొకరు తలదూర్చకూడదని వివరించాడు.

రెండోసారి ఐస్‌పెట్టెలో పెట్టి తీసుకెళ్ళింది. పెట్టెలో ఉన్నది వడ్డించినట్టు కాదని గుమ్మంలోనే అటెండరు ఆపేశాడు. మూడోసారి ముద్ద ఒక చేత్తో, బీరు ఒక చేత్తో పట్టుకెళ్ళి అధికారి ఎదుటే కలుపుతానంది. అనుమతి లేకుండా కలపడమే కదా నేరం, అది శాఖ ఆవరణలోనే చేస్తే ఇక చెప్పేదేముందని ఆయన బాధపడ్డాడు. నెలాఖరు దగ్గరపడుతోంది. కోడలి మొహం చూసి ఆయనకి జాలేసినట్టుంది, గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు.

"ఇంత తిరగడం ఎందుకమ్మా. కరగనిది చేసుకురండి."

కోడలు ఇంటికెళ్ళి కరగనిది చేసింది. పిండి కలిపింది, తినే బంక కలిపింది, గట్టిపడే పొడి కలిపింది, నురుగు దిగకుండా దానికీ ఒక పొడి కనిపెట్టింది. భర్త చూసి బ్రహ్మాండంగా ఉందన్నాడు. తాగి చూడమంటే వ్యానుకి టైమైందన్నాడు. ఈసారి ఆ గ్లాసు కింది అంతస్తుకీ, పై అంతస్తుకీ, మధ్య వరుసలో భోజన విరామానికీ తట్టుకుని, ఉన్నది ఉన్నట్టే అధికారి బల్ల మీదికి చేరింది. ఆయన పెన్నుతో ముద్దని కొట్టి చూశాడు. టక్కుమంది. ఆయన మొహం వెలిగిపోయింది. రుచి చూడటానికి చెంచా తీశాడు, అది దిగలేదు. 'రుచి: దృఢంగా ఉంది' అని రాసి, ముద్ర వేశాడు. ఆ నమూనాని అద్దాల బీరువాలో పెట్టారు. ధ్రువపత్రం కింద చిన్న అక్షరాల్లో, ఇకపై కొట్టులో ఈ రకమే అమ్మాలనీ, రకం మారితే సీలేననీ ఉంది.

ఆ సాయంత్రం నాలుగింటికి కోడలు అనుమతి పొందిన గ్లాసుని అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ ఒక గుక్క తాగి, చెంచా కింద పెట్టారు.

"ఎవరికమ్మాయ్ ఇది?"

"ఆఫీసుకి, అత్తయ్యా."

"అయితే వాళ్ళనే తాగమను."

కోడలు లోపలికెళ్ళి పాతది చేసుకొచ్చింది. అప్పటినుంచి కొట్టులో జనానికి ఒక గ్లాసు, అత్తగారికి ఒక గ్లాసు. పాత ఖాతాదారులు కొత్తది ఒకసారి తాగి, బాగుందని చెప్పి, మళ్ళీ రాలేదు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళొచ్చారు. వాళ్ళకి ఇది తెగ నచ్చింది, ఎందుకంటే ఫోటోకి ఎంతసేపైనా కదలకుండా నిలబడుతుంది. ఒక కళ్ళజోడు కుర్రాడు రోజూ వచ్చి, గ్లాసుని కిటికీ వెలుతుర్లో పెట్టి, ఫోన్లో అన్ని వైపులనుంచీ ఫోటోలు తీసుకుని, డబ్బిచ్చి, తాగకుండా వెళ్ళిపోయేవాడు. వ్యాపారం బాగానే ఉంది. కోడలికి మాత్రం రాత్రి నిద్రలో కూడా ఆ టక్కుమన్న చప్పుడు వినిపించేది.

పొరపాటు ఒక రద్దీ సాయంత్రం జరిగింది. కౌంటరు మీద రెండు గ్లాసులు పక్కపక్కన ఉన్నాయి. అత్తగారిది కుర్రాడికి వెళ్ళింది, కుర్రాడిది అత్తగారికి వెళ్ళింది. అత్తగారి చెంచా వంగిపోయింది. అటు కుర్రాడు సరైన కోణం వెతుక్కునేలోపే ముద్ద జారిపోవడం మొదలుపెట్టింది. వాడు భయపడిపోయాడు. గ్లాసుని దూరంగా జరిపి, శాఖవారి యాప్‌లో అక్కడికక్కడే ఫిర్యాదు పెట్టాడు. ఫిర్యాదు వివరం: 'ఐస్‌క్రీమ్ కరిగింది.' ఆరోగ్యం మీద ప్రభావం ఏమైనా ఉందా అన్న ప్రశ్నకి 'ఇంకా తెలియలేదు' అని రాశాడు.

మర్నాడు నోటీసు వచ్చింది. (ఈసారి షట్టర్ ఎత్తాక అంటించారు, కాబట్టి ఆ రోజు కొట్టు మూయడానికి వీల్లేకపోయింది.) శుక్రవారం విచారణ. నేరం రుజువైతే సీలు. నేరం జరిగిన స్థితిలోనే సాక్ష్యం తీసుకురావాలి, అంటే కరిగిన గ్లాసు.

అత్తగారు తానూ వస్తానన్నారు. మెట్లెక్కలేరు కదా అంటే, గ్లాసు నాది, నీది కాదు అన్నారు. కోడలి చేతిలో గ్లాసు, కోడలి భుజం మీద అత్తగారి చెయ్యి, అలా మధ్య అంతస్తు చేరారు. వరుస ఎప్పటిలాగే ఉంది. కానీ ఈసారి తొందరేమీ లేదు. శాఖ చరిత్రలో మొదటిసారిగా ఒక వస్తువు వరుసలో నిలబడేకొద్దీ నిబంధనలకి దగ్గరవుతోంది.

అధికారి గ్లాసులోకి చూసి, పూర్తిగా కరిగిందని నమోదు చేశాడు. తర్వాత ఫిర్యాదుల నియమావళి తీసి చదివాడు. అనుమతికైతే ముందు చూపు, తర్వాత రుచి. ఫిర్యాదుకైతే ముందు రుచి. ఆయన జేబులోంచి చెంచా తీశాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా అలాగే పట్టుకుని కాసేపు గోడవైపు చూశాడు. తర్వాత చెంచా పక్కన పెట్టి గ్లాసు ఎత్తాడు. మీసానికి అంటిన మీగడని ఫైలు అట్టతో తుడుచుకుని అడిగాడు.

"మొదట తెచ్చింది ఇదేనా?"

"ఇదే సార్. మూడుసార్లు తెచ్చాను. మొదటిసారి మీరు చూశారు, తాగలేదు."

"అప్పుడు చూడటం వరకే నా పనమ్మా," అన్నాడు.

"అడుగున ఉంది చూడు నాయనా," అన్నారు అత్తగారు కుర్చీలోంచి. "చివరిదాకా తాగు."

ఆయన చివరిదాకా తాగాడు. కోడలు ఖాళీ గ్లాసుని చూస్తూ నిలబడింది. అవి తన నాలుగు గుక్కలు. కొట్టు పోతుందన్న భయంలో కూడా ఆమెకి ఆ గుక్కల మీద ప్రాణం కొట్టుకుంది, అందుకు సిగ్గుపడింది కూడా.

తీర్పు రాయడానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. నేరం జరిగినట్టు గట్టిగా అనుమానించడానికి ఆస్కారముంది. అయితే సాక్ష్యం పరీక్షలో పూర్తిగా ఖర్చయిపోయినందువల్ల నిర్ధారించడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి విచారణ వచ్చే శుక్రవారానికి వాయిదా. నిందితురాలు తాజా సాక్ష్యంతో హాజరు కావాలి. విచారణ తేలేదాకా కొట్టులో యథాతథ స్థితి కొనసాగాలి, అంటే ఫిర్యాదుదారుకి ఆ రోజు ఏ గ్లాసు వడ్డించారో అందరికీ అదే వడ్డించాలి, మార్చకూడదు.

ఇక జనానికీ అత్తగారి గ్లాసే వడ్డించాలన్న సంగతి మెట్లు దిగుతూ ఉండగా కోడలికి బోధపడింది. గోడకి ఆనుకుని ఏడ్చేసింది. అత్తగారు ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని, లోపలికి చూసి, ఏమీ మిగల్చలేదని గొణిగి, మళ్ళీ ఇచ్చేశారు.

ఆ తర్వాత విచారణ ఏ శుక్రవారమూ తేలలేదు. ప్రతిసారీ సాక్ష్యం ఖర్చయిపోతోంది. ఒక వారం లోతైన పరిశీలన అవసరమై రెండు సాక్ష్యాలు తెమ్మన్నారు. కింది అంతస్తు గుమాస్తా తన పరిధి గురించి సందేహాలున్నాయంటూ, పై అంతస్తు గుమాస్తా ఈసారి కళ్ళు పూర్తిగా తెరిచి, ఇద్దరూ విచారణకి హాజరవుతున్నారు. కొట్టుకి పాత ఖాతాదారులు తిరిగొచ్చారు. కళ్ళజోడు కుర్రాడు కూడా వస్తున్నాడు, ఫిర్యాదుదారుగా అతను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలట. అత్తగారు నాలుగింటికి గ్లాసు తోసి, "కడిగెయ్" అంటున్నారు.

ఒక్కటే మార్పు. సాక్ష్యం కరగడం మొదలుపెట్టినప్పటినుంచీ పరీక్షిస్తే విచారణ సమగ్రంగా ఉంటుందని అధికారికి తోచింది. అందుకని శుక్రవారాల్లో అటెండరు గుమ్మంలోకే ఎదురొచ్చి, వరుసని పక్కకి జరిపి, నురుగు దిగకముందే కోడల్ని లోపలికి తీసుకెళ్తున్నాడు. వరుసలో మిగతావాళ్ళ గ్లాసుల్లో ఐస్‌క్రీమ్ నియమం ప్రకారం కరుగుతోంది.