ముందు తేల్చండి, తర్వాత ఆలోచించండి!

వ్యాసరచనకు పట్టిన చీడ ఏదని అడిగితే, ఆలోచన అంటాను. ఊరికే అనడం లేదు. మా కొరియా రేవుపట్నం ఇంచియాన్‌లో పిల్లల్ని యూనివర్సిటీ వ్యాసపరీక్షకు తయారుచేసే ప్యో మాస్టారి కోచింగ్ సెంటర్ గుమ్మంలో నిలబడి, కళ్లారా చూసి అంటున్నాను!

ఆయన పద్ధతి చాలా సింపుల్. ప్రశ్న చేతికి రాగానే ముందు థీసిస్ రాసెయ్యాలి. థీసిస్ అంటే వ్యాసం మొత్తాన్నీ భుజాన మోసే ఒకే ఒక్క వాక్యం. అవునా, కాదా, ఎందుకు. అంతే! ఆలోచించడం ఆ తర్వాత, టైమ్ మిగిలితే.

ఎంత హాయి! మా తరానికి ఒక అభిప్రాయం ఏర్పడాలంటే ఏళ్లు పట్టేది. పెళ్లయ్యాక కూడా చేసుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడినవాళ్లను నేనెరుగుదును. ఇప్పటి పిల్లలకు ఆ అవస్థ లేదు. మరణశిక్ష, రోబోలు, తిమింగలాలు... దేనిమీదైనా సరే, పెన్ను మూత తీసేలోపు అభిప్రాయం రెడీ! మాస్టారి శిష్యుడొకడు ఇంట్లో భోజనానికి కూర్చుని, "ఈ కిమ్చీ పులుసు మానెయ్యాలి. కారణాలు: ఆరోగ్యం, ఆర్థికం, సామాజిక న్యాయం" అన్నాడట. వాళ్లమ్మ గిన్నె లాగేసుకుని, "ఇదిగో, మానేశాను" అందట. వాదనకు ఇంత తక్షణ ఫలితం ఇంకెక్కడైనా ఉందా?

ఇంతటి వరాన్ని కాలదన్నుకున్న పిల్ల ఒకతి మా ఇంట్లోనే పుట్టింది. నా మేనకోడలు యున్‌సుల్. నూడుల్స్ కొట్లో వేడివి తినాలా చల్లవి తినాలా అని ఆలోచిస్తూ, చివరికి వేడివి చల్లారాక తినే రకం.

ఒకరోజు మాస్టారు ఇచ్చిన ప్రశ్న: "పాత బజార్లను పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టడం సబబేనా?" జవాబు కూడా ఆయనే బోర్డు మీద రాశారు: "పడగొట్టాలి, ఎందుకంటే భద్రత, శుభ్రత, అభివృద్ధి." క్లాసంతా ఆనందంగా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంది. మా పిల్ల మాత్రం, "ఈ విషయానికి రెండు వైపులున్నాయి" అని రాసి ఆగిపోయింది. ఎందుకంటే మా అక్క ఓక్‌రాన్, అంటే దీని తల్లి, సరిగ్గా అలాంటి బజార్లోనే రేకుల కప్పు కింద పచ్చళ్లూ కూరలూ అమ్ముతుంది. ఆ బజారు కూల్చివేత మాట ఊళ్లో అప్పటికే నలుగుతోంది.

మాస్టారు దాని కాగితం పైకెత్తి క్లాసుకు చదివి వినిపించారు. "ఏమ్మా, ఈ వాక్యాన్ని కాదనే మనిషి ఎవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

"మరి ఈ వ్యాసం ఎవరితో వాదించడానికి? గోడతోనా?"

అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే ఆ మాట మాత్రం ముమ్మాటికీ సరైనదే. ఎవరూ కాదనలేని వాక్యం మీద వ్యాసం నిలబడదు. మాస్టారిలాంటివారి నోట కూడా అప్పుడప్పుడూ ఇలా నిజాలు జారిపోతుంటాయి, ఏం చేస్తాం!

పిల్ల ఏడ్చి ఊరుకోవచ్చు కదా? ఊహూఁ. బజారుకెళ్లి అడగడం మొదలుపెట్టింది. చూశారా, చీడ ఎలా పాకుతుందో!

అమ్మ కొట్టు పోతుందని బెంగపడుతూ వెళ్తే, మా అక్క ముల్లంగి తరుగుతూ, "పడగొడితే పడగొట్టనీవే! వానొస్తే ఈ రేకుల కింద బకెట్లు పెట్టేది నేనా, నువ్వా?" అని కసిరింది. పక్కకొట్టు చేపల పిన్ని మాత్రం, "నన్ను తీసుకెళ్లి నాలుగో అంతస్తులో పడేస్తారు. మాకెరెల్ చేప కోసం లిఫ్టెక్కే మొహం ఎవరిదే?" అంది.

వారం రోజులు అలా తిరిగి, చివరికి రాసింది: "బజారును పడగొట్టవచ్చు, కానీ ఇప్పుడు అమ్ముకుంటున్నవాళ్లకు కొత్త భవనంలో వీధివైపు కొట్లు ఇచ్చాకే, లేకపోతే కొత్తగా కట్టేది గోడలు, పోగొట్టుకునేది బజారు."

మా అక్క చదివి, "మధ్యలో ఈ 'కానీ' ఏమిటే? నీ 'కానీ' తెమిలేసరికి కప్పు నా నెత్తిన పడుతుంది" అంది. చేపల పిన్ని, "పడగొట్టవచ్చని నువ్వెవరివే చెప్పడానికి?" అని రెండ్రోజులు మాట్లాడలేదు. ఒక్క వాక్యాన్ని ఇంతమంది కాదన్నారు! మాస్టారు ఎర్ర సిరాతో, "అవునో కాదో తేల్చలేదు. బోర్డు మీది జవాబు చూడుము" అని రాసి, మార్కులు సున్నాకు కాస్త పైన ఆపారు.

నేను మాస్టారి పక్షమే. పిల్లలు రాసేముందు మనుషుల్ని అడగడం మొదలుపెడితే పరీక్షలెలా జరుగుతాయి? పేపర్లు దిద్దేవాళ్లకు కళ్లు పోవూ? దేశానికి కావలసింది తీర్పులు, తీరిగ్గా తెలుసుకోవడాలు కాదు!

ఇంతలో నగరపాలకులు కూల్చివేత మ్యాపు ప్రకటించారు. అందులోని హద్దు గీత బజారు దగ్గర ఆగకుండా రోడ్డు దాటింది. ప్యో మాస్టారి సెంటరున్న మేడ కూడా అందులోకి వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం ఆయన మా అక్క కొట్టుకు వచ్చారు. నేను పత్రికలో రాస్తుంటానని తెలిసి, నా కోసం. చేతిలో నగరపాలకులకు రాసిన ఒక విజ్ఞప్తి. మొదటి వాక్యం: "ఈ అంశాన్ని సంబంధిత వర్గాలన్నీ సమగ్రంగా, సానుకూలంగా, బహుముఖంగా పరిశీలించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నదని సవినయంగా మనవి." అలాగే సాగింది చివరిదాకా. కూల్చాలో వద్దో ఎక్కడా లేదు. పరుల కప్పు మీద తీర్పు బోర్డు మీద ఒక్క వరుసలో పట్టింది. సొంత కప్పు దగ్గరికొచ్చేసరికి పేజీలు చాలలేదు!

"మాటలు కుదరడం లేదు. నువ్వొకసారి చూడమ్మా" అని కాగితం నాకు కాక, అక్కడే ఉన్న యున్‌సుల్‌కే ఇచ్చారు.

ఇప్పుడు తగులుతుంది ఎర్ర సిరా అని నేను ఉత్సాహంగా ముందుకు జరిగాను. పిల్ల నెమ్మదిగా చదివి, కాగితం పక్కన పెట్టి, "సార్, మీకు ఆ గదే కావాలా? ఇంకోచోట ఇస్తే వద్దా?" అని అడిగింది.

"కారణాలు మూడు..." అని మొదలుపెట్టారాయన. ఆగిపోయారు.

"ఆ కిటికీలోంచి రేవులో ఓడలు కనిపిస్తాయి" అన్నారు చివరికి, తప్పు చేసినవాడిలా. "అది కూడా కారణమేనా?"

"కారణమే సార్." యున్‌సుల్ స్టూలు మీది ఉల్లికాడలు తీసేసి, దాన్ని ఆయన ముందుకు జరిపింది. "కూర్చోండి. ఇంకా ఏమేం కనిపిస్తాయో చెప్పండి."