పడక కుర్చీ పక్కన అయిదు కుప్పలు

గుణశేఖర్‌కు జీవితంలో పెద్ద ఆశలేవీ లేవు. మేడ కట్టాలని లేదు, కారు కొనాలని లేదు. శ్రీ సిటీలో ఫస్టు షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో శ్రీకాళహస్తి చేరి, వసారాలో పడక కుర్చీ వాల్చుకుని దీపాలు పెట్టే వేళదాకా నిద్రపోవాలి. అంతే. ఫ్యాక్టరీలో స్నేహితులు అతన్ని కునుకు గుణశేఖర్ అని పిలిచేవారు. ఆ పేరు విన్నా అతనికి ఆవులింత వచ్చేది.

ఆ ఒక్క ఆశకే ఎసరు పెట్టింది లెక్కల క్లబ్బు.

భార్య లోకేశ్వరి ప్రైమరీ స్కూలు టీచరు. బడి వదిలాక వీధిలోని చిన్న తరగతుల పిల్లలను తన వసారాలో చాప వేసి కూర్చోబెడుతుంది. ఎక్కాలు వల్లె వేయించడం ఉండదు. "తప్పు" అనే మాట ఆ చాప మీద నిషేధం. ఎవరు ఏ జవాబు చెప్పినా మిగతావాళ్లంతా ఒకటే అడగాలి: "ఎట్లొచ్చింది?" చెప్పినవాళ్లు చేసి చూపించాలి. చూపిస్తూ చూపిస్తూ ఎక్కడ పొరపడ్డారో వాళ్లే కనిపెట్టేస్తారు. తీసివేతలంటే దుప్పటి ముసుగేసుకుని ఏడ్చే వాళ్ల కూతురు ధరణి, ఇప్పుడు దోసెలు తింటూ కూడా తీసివేతలు చేస్తోంది.

అదంతా గొప్పే. కానీ అన్ని గొంతులు ఒక్కసారిగా "ఎట్లొచ్చింది" అంటుంటే, వచ్చిన నిద్ర వచ్చిన దారినే పోతోంది.

"క్లబ్బును స్కూల్లోనే పెట్టుకోరాదా?" అన్నాడు ఓ రోజు.

"స్కూలుకు తాళం ఏస్తారు."

"మనింటికీ ఏద్దాం."

"ఏద్దాం. మీరు బయట పడుకోండి."

మాటలతో పని జరగదని తెలిసి అదను కోసం చూశాడు. ఓ శనివారం లోకేశ్వరికి టీచర్ల మీటింగు పడింది.

"ఈ పొద్దు పిలకాయల్ని రావద్దని చెప్తా," అందామె.

"ఎందుకు? నేనుండాను కదా, చూసుకుంటా."

జడలో దువ్వెన ఆగిపోయింది. "మీరా? ఒళ్లు బాగుండాదా?"

గుణశేఖర్ పథకం ఇది. పిల్లలకు ఎంతకీ తెమలని లెక్క ఒకటి ఇవ్వాలి. వాళ్లు దాంతో కుస్తీ పడుతుంటే తాను నిద్రపోవాలి. విసుగెత్తి, సోమవారం నుంచి ఒక్కరూ రాకూడదు.

వసారా మూల చిన్న గోనెసంచి కనబడింది. అందులో మామగారు ఆదిమూలం విత్తనానికని దాచుకున్న వేరుశనగ కాయలున్నాయి. కొత్త రకం. ఊళ్లో ఎలుకల బాధ పడలేక కూతురింట్లో పెట్టాడు. వాన పడింది కాబట్టి ఆ సాయంత్రమే వచ్చి తీసుకుపోతానని ఫోను చేశాడు. లెక్కపెడితే కాయలు అరిగిపోవు కదా అనుకుని గుణశేఖర్ సంచిని బోర్లించాడు.

"సెనక్కాయలు ఎన్ని ఉండాయో లెక్కపెట్టండి. అయ్యిందాకా నన్ను లేపద్దు. ఒక్కటి కూడా తినకూడదు, ఇయ్యి తాత విత్తనాలు."

పక్కింటి కృపామణి కూతురు, రెండో తరగతి నిస్సీ, అతన్ని జాలిగా చూసింది. "తింటే లెక్క పోతాది గదా మామా. ఎందుకు తింటాం?"

కళ్లు మూసుకున్నాడు. గోల లేదు. ఎంతసేపటికీ లేదు. గోల లేకపోయేసరికి అనుమానంతో నిద్ర పట్టలేదు. ఒక కన్ను తెరిచాడు.

పిల్లలు పెదవులు కదుపుతూ పదేసి కాయలు కుప్పలు పెడుతున్నారు. పదేసి కుప్పలు ఒక వరుస. గోడ నుంచి మెట్ల దాకా వరుసలు నారుమడిలా సాగిపోయాయి. ఒక వరుస అతని కుర్చీ పక్కనే మొదలైంది. ఇంత చిన్నవాళ్లు ఎంత ముచ్చటగా చేస్తున్నారని మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ, చెయ్యి కిందికి వేశాడు. ఒక కాయ తగిలింది. తర్వాత సంగతి చేతికే తెలియాలి. తొక్కలు చొక్కా జేబులోకి పోయాయి, అతను నిద్రలోకి పోయాడు.

"ఏందప్పా ఇది?"

ఉలిక్కిపడి లేచేసరికి ఎదురుగా ఆదిమూలం. పక్కన లోకేశ్వరి.

"తాతా, అన్ని వరుసలూ సరిగ్గా ఉండాయి. ఈ కుర్చీ పక్క వరుసలోనే అయిదు కుప్పలు లేవు," అంది ధరణి. ఆదిమూలం ముఖం వాడిపోయింది.

గుణశేఖర్‌కు అదను దొరికింది. "పిలకాయలే తినేసినారు. ఇందుకే ఈ క్లబ్బు మనింట్లో వద్దని నేను మొత్తుకునేది."

ఒకటో తరగతి పాల్ పెదవి వణికింది. లోకేశ్వరి తండ్రి మాట ఎప్పుడూ జవదాటదు. ఆయన వద్దంటే క్లబ్బు అయిపోయినట్టే. ఆమె పిల్లల వైపు తిరిగింది. "మామ జవాబు చెప్పినాడు. మీరేం అడగాల?"

"ఎట్లొచ్చింది?" అన్నారు అందరూ.

"ఎట్లొచ్చేదేముంది? పిలకాయలు తినకుండా ఉంటారా?"

"చూపించు మామా," అంది నిస్సీ. "కుర్చీలో పడుకో. చెయ్యి కిందికి వెయ్యి."

మామగారు చూస్తున్నారు, తప్పలేదు. చెయ్యి వేశాడు. వేళ్లు అయిదో కుప్ప ఉండాల్సిన చోట ఆగాయి. ఆరో కుప్ప గోటికి అందనంత దూరంలో క్షేమంగా ఉంది.

"ఇంకొంచెం వంగు మామా."

వంగాడు. జేబులోంచి తొక్కలు జలజలా రాలాయి.

లోకేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదిమూలం మాత్రం నవ్వలేదు. "అయిదు కుప్పలు పోతే చేన్లో ఎంత తావు ఖాళీ పడతాదమ్మా?" అని మనవరాలిని అడిగాడు.

"కాయకు ఎన్ని గింజలు తాతా? గింజకూ గింజకూ ఎంత ఎడం?"

"రెండు గింజలు. ఎడం బెత్తెడు."

ధరణి, నిస్సీ చాక్‌పీసు తీసుకుని బెత్తెలు కొలుస్తూ పాకారు. గీత వసారా దాటింది, మెట్లు దిగింది, గేటు దాటి కృపామణి వాకిలిని తాకింది. గుణశేఖర్ సిగ్గు మరిచిపోయి నిలబడ్డాడు. దుప్పట్లో ఏడ్చిన పిల్ల వీధిలో మోకాళ్ల మీద లెక్క గీస్తోంది. లోకేశ్వరి మీద ఎప్పుడూ లేనంత గౌరవం కలిగింది.

"అంత తావూ రేపు నువ్వొచ్చి పాత రకం ఇత్తాల అల్లుడా," అన్నాడు ఆదిమూలం. "తెల్లారి మూడుకే లేయాల."

"రేపు ఆదివారం మామా. మూడు యాడిది? ఎట్లొచ్చింది?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. పాల్ చాప మీద పక్కకు జరిగి, తన పక్కన చోటు చూపించాడు.

"కూర్చోండి," అంది లోకేశ్వరి. "అడిగినోళ్లకు చెప్పకుండా పంపము."

గుణశేఖర్ బుద్ధిగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నిస్సీ అప్పటికే అతని కుర్చీ మడిచి గోడకు ఆనించేసింది.