పార్సిప్పనీ ఇంధన నిర్ణాయక మండలి

లోకంలోని బళ్లన్నీ ఇకమీదట దేనితో నడవాలో పార్సిప్పనీ తెలుగు సమితి తేల్చబోతోందని అధ్యక్షులు వీరభద్రరావు గారు ఆదివారం ఇడ్లీల అనంతరం ప్రకటించారు. తొలి అడుగుగా, సమితి వ్యాన్‌కి తగిన ఇంధనాన్ని ఎంపిక చేయడానికి, తలో ఇంధనాన్నీ పరిశీలించే పన్నెండుమంది న్యాయనిర్ణేతలతో మండలి ఏర్పడింది.

పన్నెండోవాడు జగదీష్. తొమ్మిదేళ్లుగా బ్యాటరీల మీద పనిచేస్తున్నాడు. అతనికి కావలసింది ఒక ఉత్తరం. అసాధారణ ప్రతిభ ఉందని రుజువు చేసుకుంటే గ్రీన్ కార్డ్ తొందరగా వచ్చే దారి ఒకటుంది. తీర్పరిగా కూర్చున్నట్టు ఎవరైనా శుక్రవారంలోగా రాసివ్వకపోతే ఫైల్ కదలదని లాయర్ చెప్పేశాడు. వీసాకి మిగిలింది నాలుగు నెలలు. తనలో అసాధారణమైనదేమిటా అని జగదీష్ వారంగా తనలోకి తాను చూసుకుంటున్నాడు. ఓపిక తప్ప ఏమీ కనబడలేదు.

"నాకు ఎలక్ట్రిక్ ఇవ్వండి," అన్నాడు వీరభద్రరావు గారితో.

"అది రేణు గారు తీసేసుకున్నారండీ. హైడ్రోజన్‌ని మూడు ఫ్యామిలీలు పంచుకున్నాయి. సోలార్‌కి వెయిటింగ్ లిస్ట్. మీకు గారెలు వేయించిన నూనె ఉంచాను."

"దాంతో బయోడీజిల్ చేయొచ్చు కానీ..."

"చూశారా, అప్పుడే ఎక్స్‌పర్ట్ అయిపోయారు."

మొదటి సమావేశం ఉన్నత స్థాయిలో సాగింది. మందుల కంపెనీలో లేబుళ్లు సరిచూసే రేణు అతనివైపు వంగింది. "బ్యాటరీ గురించి రెండు లైన్లు చెప్పరా, ప్లీజ్. నా లెటర్‌లో పెట్టుకోవాలి."

చెప్పాడు. రాసుకుంది. ఆ ఊపులో జగదీష్ నోరు జారాడు.

"మీ కాగితం ప్రకారం వ్యాన్ హాలుకీ గుడికీ మధ్య రోజుకి పదకొండు మైళ్లు తిరుగుతుంది. ఎలక్ట్రిక్ చాలు. ఇందులో తేల్చడానికి ఏమీ లేదు."

ఎవరో టీ కప్పు కింద పెట్టారు.

"తేల్చేస్తే మండలి రద్దయిపోతుంది కదండీ," అన్నారు వీరభద్రరావు గారు నొచ్చుకుంటూ. "బయట ఇంకో పదిహేడుమంది ఇలాంటి లెటర్ కోసమే వెయిట్ చేస్తున్నారు. వాళ్లకీ పిల్లలున్నారు. చేతనైతే ఇంకో రెండు ఫ్యూయల్స్ చెప్పండి."

చెరుకుకీ పేడకీ ఉపసంఘాలు అక్కడికక్కడే ఏర్పడ్డాయి. జగదీష్‌కి సిగ్గేసింది. ఆ పదిహేడుమందిలో తన రూమ్మేటూ ఉన్నాడు.

"పోనీ, ఒకసారి వ్యాన్ చూపిస్తారా? బరువూ అదీ రాసుకుంటాను."

"ఏ వ్యానండీ?"

"సమితి వ్యాన్."

"ఏ ఫ్యూయలో తేలకుండా ఎలా కొంటాం?"

గురువారం ఉత్తరం తయారైంది. వివరాలు నిజమేనని కింద జగదీష్ కూడా సంతకం చేయాలి. 'శ్రీ జగదీష్ గారి అసాధారణ పర్యవేక్షణలో మా వ్యాన్ సేవలకు సంబంధించి నేటివరకు వాడిన పెట్రోలు: సున్నా గ్యాలన్లు. వదిలిన పొగ: సున్నా. ప్రమాదాలు: సున్నా.'

జగదీష్ ఆ పేరాని ఇంజనీర్ చదవవలసిన పద్ధతిలో మూడుసార్లు చదివాడు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పెన్ను అడిగి తీసుకున్నాడు.