మూడో గది గడియ

ఆ రోజు పొద్దున్న తాళాలాయన వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నంలోగా ఒక కుక్కల హాస్టలు చూసి, కుక్కను ఒప్పజెప్పి, సాయంత్రానికి హెర్నియా ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరాలి. ఆ ఆపరేషను ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ కుక్కను చూసుకునేవాళ్ళు లేకనే. "ఈసారీ రాకపోతే ఇంకో డాక్టర్ని చూసుకోండి" అని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

కుక్క ఆయనది కాదు, భార్యది. దొరసాని అని పేరు పెట్టిందీ ఆవిడే. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన దాన్ని ఒక్కనాడూ పేరుపెట్టి పిలవలేదు. "ఒసేయ్" అంటే అది వచ్చేది కాదు, ఆయన రెండోసారి పిలిచేవాడు కాదు. కాపురం అలా సాగుతోంది. నాలుగు రోజులు ఉంచుకోమని బావమరిదికి ఫోన్ చేస్తే, "మా ఆవిడకి కుక్క వెంట్రుకలు పడవు బావా" అన్నాడు.

"మీ ఆవిడకి మనుషులే పడరు, వెంట్రుకలదేముందిరా" అని ఫోన్ బల్లమీద పడేసి, కుక్కతో బయలుదేరాడు. ఫోన్ జేబులో వేసుకోవడం ఆయన ఎప్పుడో మానేశాడు. ఎవరు చేస్తారని?

నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసినవాడు. ఏ ఇంటినైనా గడియ చూసి అంచనా వేస్తాడు. మొదటి హాస్టల్లో కుక్కలకు టీవీ పెట్టారు. "గడియ ఉత్త రేకు. టీవీ చూసి విసుగెత్తిన కుక్క గంటలో రోడ్డుమీద ఉంటుంది" అని వచ్చేశాడు. రెండోచోట గడియ బదులు తాడు కట్టారు. అక్కడ గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

మూడోది రిటైరైన నర్సు ఒకావిడ నడుపుతోంది. వరసగా ఆరు గదులు, శుభ్రంగా కడిగిన నేల, సందులేని నిలువెత్తు ఇనప తలుపులు. "మూడో గది ఒక్కటే ఖాళీ. ఇంకెవరో కూడా చూడ్డానికి వస్తామన్నారు. త్వరగా తేల్చుకోండి" అని, లోపల ఫోన్ మోగితే ఆవిడ వెళ్ళిపోయింది.

మూడో గది గడియకు స్ప్రింగు వదులైంది. ఆయనకు ఒళ్ళు మండింది. కుక్క గొలుసు వదిలేసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పది నిమిషాల్లో బిగించాడు. పనితనం చూసుకోవాలిగదా! స్క్రూడ్రైవర్ గడపమీద పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు లాగాడు. టక్కుమని పడింది. ఇంత బాగా పడిన గడియ ఈమధ్య కాలంలో ఆయన చేతికి తగల్లేదు. కుక్కల గదికి లోపలివైపు పిడి ఉండదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఒక్క కేక వేస్తే చాలు. కానీ ఏమని వెయ్యాలి? ఊళ్ళో తెరుచుకోని తలుపులన్నీ తెరిచినవాడు, తన చేత్తో బిగించిన గడియ వెనక ఇరుక్కున్నానని ఐదు కుక్కలు వినేలా అరవాలా? నోరు మూసుకుని గోనెపట్టా మీద కూర్చున్నాడు. కాసేపటికి నర్సు అడుగులు వినపడ్డాయి.

"చెప్పనైనా చెప్పకుండా పోయాడు. ఆ మొహం చూసినప్పుడే అనుకున్నా" అంది ఆవిడ బయట.

ఇక అరవడం మరీ కష్టమైపోయింది. కుక్క తలుపు అవతలే పడుకుని ఉందనుకున్నాడు. అది అప్పటికే గేటు దాటింది.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. నర్సు వెనక ఒక యువ జంట.

"ఇదండీ గది. గాలీ వెలుతురూ..." ఆవిడ మాట ఆగిపోయింది. "మీరు ఇందులో ఏం చేస్తున్నారు?"

"గడియ చూస్తున్నాను."

"గంటన్నర నుంచా?"

"బాగా పడుతోంది."

ఆ అమ్మాయి మొగుడి చెవి దగ్గరికి వంగింది. "పెద్దవాళ్ళని కూడా ఉంచుకుంటారేమో, అడగండి."

"మీ నాన్ననా, మా అమ్మనా?"

"ముందు అడగండి. ఎవరన్నది ఇంటికెళ్ళి చూసుకుందాం."

తాళాలాయన వాళ్ళను తోసుకుని బయటికొచ్చాడు. "నా కుక్కేదీ?"

"మీరు తీసుకుపోలేదా?" అంది నర్సు.

పొత్తికడుపు చేత్తో అదిమిపట్టుకుని ఆయన వీధులు పట్టాడు. "ఒసేయ్!" అంటే నలుగురు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి కొరకొరా చూశారు. నాలుగో సందు మలుపులో నిలబడి, "దొరసానీ!" అన్నాడు. ఆ పేరు ఆయన నోట ఎలా వస్తుందో ఆయనకే తెలియదు. "దొరసానీ, రావే!"

"ఈ వయసులో ముసలాయనకి దొరసాని కావాలట!" అన్నాడు బండిమీద పళ్ళమ్మేవాడు.

మామూలు రోజైతే ఆయన వాడి ఏడు తరాలనూ కడిగేవాడే. ఇవాళ "నల్లది, ఒక చెవి తెల్లగా ఉంటుంది. చూశావా?" అని అడిగి, లేదంటే ముందుకు పోయాడు. ఇంట్లో ఆవిడ చెయ్యి తగిలినవాటిలో ఊపిరి ఉన్నది అదొక్కటే.

వెతికి వెతికి ఇంటి వీధికి వచ్చేసరికి గుమ్మం ముందు జనం. గొలుసు ఈడ్చుకుంటూ కుక్క ఒక్కతే ఇల్లు చేరింది. పక్కింటి దర్జీ అది చూశాడు. తలుపుకు తాళం ఉంది. ఫోన్ చేస్తే లోపలెక్కడో మోగింది. పొద్దున్న చౌరస్తాలో లారీ కింద ఎవరో ముసలాయన పడ్డాడట. దర్జీకి అంతకన్నా ఏం కావాలి? కొలతలు సరిపోయాయనుకుని బావమరిదికి కబురు పెట్టేశాడు.

తాళాలాయన జనం వెనక నిలబడ్డాడు. ఎవరూ వెనక్కి చూడలేదు.

"మనిషి ఎలాంటివాడండీ?" అని ఒకరు అడిగారు.

"పోయినవాణ్ణి అనకూడదు" అన్నాడు దర్జీ.

"అంటే అనడానికి ఉందన్నమాట!"

మెట్లమీద బావమరిది కుక్కను కావలించుకుని భోరున ఏడుస్తున్నాడు. "అక్కా పోయింది, బావా పోయాడు! ఇక ఈ మూగజీవం నాది. నా ఊపిరున్నంతవరకు కడుపులో పెట్టుకుని చూసుకుంటా. మీ అందరి సాక్షిగా చెబుతున్నా!"

"ఎంత మంచి మనసయ్యా" అన్నారు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ.

"నాలుగు రోజులు చాలురా" అని వెనకనుంచి వినపడింది. "ఊపిరిదాకా అక్కర్లేదు."

జనం రెండుగా చీలిపోయారు. కుక్క చెవులు నిక్కబొడుచుకుంది.

"బావా... నువ్వు బతికే ఉన్నావా?"

"ఏం చెయ్యను, పోయానని నాకెవరూ చెప్పలేదు. దొరసాని గిన్నె వంటింట్లో ఉంది. పొద్దున్నా సాయంత్రం బయట తిప్పాలి. ఇంతమంది ముందు మాటిచ్చావు, మరిచిపోకు."

బావమరిది జనంవైపు చూశాడు, కుక్కవైపు చూశాడు, మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాడు. ఈసారి ఏడుపు నిజమైనదేనని వీధంతా ఒప్పుకుంది.