పొగచూరిన పుస్తకముపై జంపక్క దండయాత్ర

గోదావరీ తరంగ పవన శీతలమై, ఇప్పపూల పరిమళ భరితమై, భద్రాద్రి అరణ్యసీమకు అలంకారమై వెలుగొందు దుమ్ముగూడెం మండలమందు, రెండువేల ఆరవ సంవత్సర చైత్రమాసమున, ఒకానొక శనివారము పొద్దెక్కిన వేళ, దూలయ్య ఇల్లాలు, నిండు ఇప్పపూల గంపను అవలీలగా మోయు భుజబలశాలిని జంపక్క, ఎనిమిది పుటల బొమ్మల పుస్తకము ముందు గజగజ వణికెను. వినుడు ఆ వీరగాథ!

వారము క్రిందట ఆ పుస్తకమును ఇచ్చినది, తల్లులచేత పసివారికి కథలు చెప్పించు కార్యక్రమపు టీచరు బ్లెస్సీ. నేడు ఫలితము చూచుటకు ఆమె వచ్చెను.

“బుక్కు ఏది అక్కా?”

“పైలంగ పెట్టిన మేడమ్. పురుగు పట్టొద్దని పొయ్యి మీద, విత్తనాల మూటల పక్కన ఏలాడగట్టిన.”

అయ్యో! ఏడు అహోరాత్రములు ధూమపాన మొనరించి, ఆ గ్రంథరాజము నల్లబడి దిగివచ్చెను. నాలుగేళ్ల కూతురు శ్యామల దానిని తాకనే లేదు.

“నాకు చదువు రాదు గద మేడమ్,” అని జంపక్క తల దించుకొనెను.

“అక్షరాలు అక్కర్లేదక్కా. బొమ్మలు చూసుకుంట నువ్వే కథ చెప్పు. ఆఖరి పేజీ దాక పాప కూసుంటే ఇంకో బుక్కు ఇస్త. లేకుంటే అది పక్కింటోళ్లకు పోతది.”

తనకు దక్కనిది బిడ్డకైనను దక్కవలెనని ఆ తల్లి ఆరాటపడెను.

“ఓరీ పుస్తకమా! పెద్దపులి తిరుగు అడవిలో వెదురు నరికిన చేయి ఇది! నీ కాగితపు కోటలకు బెదరునా? నీ గుట్టెల్ల విప్పకున్న నేను జంపక్కనే కాను!” అని మనసున గర్జించి, పైకి మాత్రము, “కూసో బిడ్డా, గిదో కోడి,” అనెను.

తప్పిపోయిన పిల్లను వెదకుచు బొమ్మలోని కోడి బయలుదేరెను. మూడు పుటలు వరుసగా కూలినవి. నాల్గవ పుట చెంత నిజమైన కోడిపెట్ట యొకటి వాకిట ప్రత్యక్షము కాగా, శ్యామల వాయువేగమున దాని వెంటబడెను. జంపక్క అంతకు మించిన వేగమున లంఘించి, బిడ్డను చంకనెత్తి, రణరంగమగు ఈతచాపకు మరలించెను. అయిదు, ఆరు గడిచెను. ఏడవ పుట! హా! పొగ దట్టముగా పట్టి బొమ్మయే కానరాదు.

“గిదేందమ్మా, నల్లగ?”

జంపక్క ఒక్క క్షణము పొయ్యివైపు చూచెను.

“మబ్బు బిడ్డా. పెద్ద వాన వస్తది. పిల్ల తడుస్తదని తల్లికోడి ఉరుకుతున్నది.”

“దొరికిందా?” అని శ్యామల తానే ఎనిమిదవ పుట తిప్పెను. తల్లి రెక్కల క్రింద కోడిపిల్ల!

“మల్ల చెప్పమ్మా!”

జంపక్క కన్నులు చెమర్చెను. బ్లెస్సీ రెండవ పుస్తకము అందించగా, ఆమె చేయి అలవాటున విత్తనాల మూటలవైపు లేచి, అంతలో ఆగెను. ఇట్లు ఎనిమిది పుటలను జయించిన జంపక్క, ఆ కొత్త పుస్తకమును ఈతచాపమీద, బిడ్డ చేతికి అందునట్లు, పట్టాభిషిక్తము గావించెనని లోకమెల్ల ఎరుగుగాక!